నాజర్ ఊరికి తొవ్వ ఏది?

ఉద్యమం నడిచిన దినాల్లో మనం ఒక మాట పదే పదే అన్నం. "వాళ్లకు సినిమా ఉన్నది, మనకు పాట ఉన్నది" అని. ధూంధాం వేదికల ముందు కూసున్న వేల మంది చప్పట్లు కొట్టిన్రు. నేను కూడ కొట్టిన. ఆ మాటలో సగం నిజం, సగం తప్పు. నిజమైన సగం మనకు రాష్ట్రం తెచ్చింది. తప్పు సగం ఏందో తెలుసుకునేందుకు నేను సాగర్ దాటి పోవాల్సి వచ్చింది.

మిరప కోతల కాలంలో నలుగురం ఒక కారెక్కినం. ఒక రిటైరైన సారు, ఒక సర్కారు ఉద్యోగి, ఒక యూనివర్సిటీ విద్యార్థి, నేను. గుళ్లు చూసేందుకు కాదు, బీచ్ చూసేందుకు అసలే కాదు. ఆంధ్ర పల్లెల పాట ఎక్కడ పుట్టింది, పాడినోళ్లు ఏమైన్రు, ఇయ్యాల ఏం మిగిలింది, ఇది చూడాలని. ఇబ్రహీంపట్నం, మల్లేపల్లి మీదుగా సాగర్ చేరినం.

2023 నవంబర్ చివర్లో ఇదే డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురు నిలబడ్డరు. నడుమ ముళ్లకంచె పడ్డది. ఆఖరుకు కేంద్ర బలగాలు వచ్చి కాపలా కాసినయి. నీళ్ల మీద మన హక్కు మనది, అది తేలేదాకా కొట్లాడుడే. కానీ ఒక్క సంగతి అడుగుత. నీళ్లకు ఇంత కాపలా పెట్టిన రెండు సర్కార్లు, అదే నీళ్లకు అటూ ఇటూ పుట్టిన పాటకు ఒక్కనాడైనా కాపలా పెట్టినయా?

చాపకూడు తిన్న ఊరు

మాచర్ల దాటినంక అంతా పత్తి, మిరప. కల్లాల్లో ఎర్రగ పరిచిన కాయలు. ఏనుమాముల మార్కెట్‌కు కాయ పంపే మన వరంగల్ పల్లెలకు, ఈ పల్లెలకు తేడా ఏం లేదు. అదే ఘాటు, అదే అప్పు, అదే పురుగుల మందు వాసన. ఒక చేను గట్టు మీద ఫోన్‌లో సినిమా పాట మోగుతున్నది. ఏరుతున్న ఆడోళ్ల నోట్లో మాత్రం పాట లేదు. ఎందుకవ్వా పాడుతలేరని అడిగితే ఒక ముసలామె నవ్వింది. "కిలో లెక్కన కూలి నాయనా, పాడతా కూర్చుంటే బస్తా నిండుద్దా?" అన్నది. పాట ఎట్ల చస్తదో చెప్పేందుకు పెద్ద పుస్తకాలు అక్కరలేదు, ఆ ఒక్క మాట చాలు.

కారెంపూడి పోయినం. నాగులేటి ఒడ్డున పల్నాటి వీరుల గుడి ఉన్న ఊరు ఇది. 12వ శతాబ్దంలో ఇక్కడ అన్నదమ్ములు కొట్టుకొని చచ్చిన్రు. బ్రహ్మనాయుడు అన్ని కులాలను ఒక్క చాప మీద కూసోబెట్టి చాపకూడు తినిపించిండని, మాలోడైన కన్నమదాసును కొడుకు లెక్క చూసి సేనాపతిని చేసిండని కథ చెప్తరు. ఏటా కార్తీక అమావాస్యకు ఐదు రోజుల ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. వీరుల ఆయుధాలకు ఇప్పటికీ పూజ జరుగుతది.

ఈ కథ ద్విపదలో రాసింది శ్రీనాథుడని పాఠ్యపుస్తకం చెప్తది. కానీ శ్రీనాథుడు కండ్లు మూసినంక ఆ కథను వందల ఏండ్లు నోట్లో మోసింది ఎవరు? వీరవిద్యావంతులు. మాల కులపు గాయకులు. ఊరి బయట గుడిసెల్లో బతికి, ఊరి నడుమ వీరుల కథ పాడినోళ్లు. 1970ల్లో జీన్ రోఘేర్ అనే అమెరికా పరిశోధకుడు వచ్చి అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి మార్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకం తెచ్చిండు. మన యూనివర్సిటీల పక్కనే పాడుతున్న మనిషి గొంతు లోకానికి వినబడాలంటే సముద్రాల అవతలి నుంచి టేపు రికార్డరు రావాల్సి వచ్చింది!

హైదరాబాద్ టాంక్‌బండ్ మీద ఎన్టీ రామారావు సర్కారు పెట్టిన 33 విగ్రహాల్లో బ్రహ్మనాయుడు ఉన్నడు. ఆయన కథను తరతరాలు పాడిన విద్యావంతుడు ఒక్కడు కూడ లేడు. మనం ఆ విగ్రహాలను చూసి 'మావోళ్లు ఏరి?' అని అడిగినం. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ఆ కోపం విగ్రహాల మీద పడ్డది. మన ప్రశ్న న్యాయమైనదే. కానీ అదే ప్రశ్న కారెంపూడి మాలవాడ కూడ అడగొచ్చు అన్న సోయి ఆనాడు మనకు లేకపాయె.

నాదం ఇక్కడ, పేరు అక్కడ

నరసరావుపేట మీదుగా చిలకలూరిపేట. పత్తి మిల్లుల ఊరని అందరికి తెలుసు. నాదస్వరానికి ఇది గురుపీఠమని ఎంత మందికి తెలుసు? ఇక్కడి ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నడు షేక్ చిన మౌలానా. ఒంగోలు పక్కనున్న కరవదిలో 1924లో పుట్టిండు. ముస్లిం ఇంట్లో పుట్టి రాముని గుళ్లో మంగళవాద్యం ఊదిన పరంపర వాళ్లది. మతాల నడుమ చిచ్చు పెట్టెటోళ్లకు ఇంతకు మించిన జవాబు ఉన్నదా?

ఆయన ఆఖరుకు ఎక్కడ స్థిరపడ్డడు? తమిళనాడులో, శ్రీరంగంలో. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. 1999లో పోయిండు. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుబానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు జాబితాలో వాళ్ల రాష్ట్రం తమిళనాడు అని ఉన్నది. వాళ్లను ఆదరించిన తమిళులకు దండం పెట్టాలె. కానీ 'తెలుగుజాతి ఆత్మగౌరవం' అని గొంతు చించుకున్న పాలకులను అడగాలె. మీ జాతి నాదస్వరం మీ ఊర్లో ఎందుకు బతకలేకపాయె? 1983లో సాహిత్య, సంగీత, నాటక అకాడమీలను ఒక్క దెబ్బతో రద్దు చేసింది ఎవరు? ఆత్మగౌరవం పేరు మీద ఓట్లడిగిన సర్కారే కదా!

రాజధాని పక్కన పొన్నెకల్లు

ఇగ అసలు ఊరికి వద్దాం. గుంటూరు నుంచి తాడికొండ దిక్కు పోతే పొన్నెకల్లు. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ 1920లో పుట్టిన ఊరు. దూదేకుల ఇల్లు. దూది ఏకి బతికే కులంలో పుట్టి, కడుపు చేత పట్టుకొని నాటకాలు ఆడి, పిల్లలకు పాట నేర్పి, ఆఖరుకు ప్రజా నాట్యమండలిలో చేరి జంగం కథను జనం కథ చేసిండు. పల్నాటి యుద్ధం చెప్పిండు, అల్లూరి సీతారామరాజు కథ చెప్పిండు, బెంగాల్ కరువు కథ చెప్పి జనాన్ని ఏడిపించిండు. 1986లో పద్మశ్రీ ఇచ్చిన్రు. 1997లో చనిపోయిండు. ఆయన జీవితకథ పుస్తకం పేరు 'పింజారి'. కులం పేరు పెట్టి తిట్టిన మాటనే నెత్తిన పెట్టుకున్న మనిషి.

బుర్రకథ ఎట్ల ఉంటదో యాది చేసుకోండి. నడుమ తంబుర పట్టిన కథకుడు. రెండు దిక్కుల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. అవును, ముగ్గురిలో ఒకని పనే రాజకీయం! సీతారామరాజు కథ నడుస్తుంటెనే వాడు లేచి, ఊర్లో బియ్యం ధర గురించి, పటేలు దొంగ లెక్క గురించి అడుగుతడు. రాజు మీద జనం పెట్టిన కాపలా అది. తర్వాత సర్కార్లు ఏం చేసినయి? కుటుంబ నియంత్రణ చెప్పు, పొదుపు చెప్పు, మా పథకాలు చెప్పు అని ప్రచారానికి బుర్రకథను కిరాయికి తీసుకున్నయి. కథకుణ్ని ఉంచిన్రు, హాస్యగాణ్ని ఉంచిన్రు, రాజకీయాన్ని మాత్రం మెల్లగ వేదిక దింపిన్రు. కళను చంపెటోళ్లు గొంతు కోయరు, జీతం ఇస్తరు.

పొన్నెకల్లు నుంచి కొంచెం దూరం పోతే రాజధాని ప్రాంతం. 2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన నేల. 33 వేల ఎకరాలకు పైగా భూమి రైతుల దగ్గర సమీకరించిన్రు. 2019 తర్వాత ఇంకో సర్కారు వచ్చి మూడు రాజధానులంటే, భూములిచ్చిన రైతులు ఏండ్ల తరబడి రోడ్డెక్కిన్రు. 2025 మేలో మళ్లీ పనులు మొదలైనయి. సింగపూర్ ప్లాన్లు వచ్చినయి, లండన్ ఆర్కిటెక్టులు వచ్చిన్రు. 2017లో అసెంబ్లీ ఆకారం ఎట్లుండాలని పేరున్న సినిమా దర్శకుణ్ని కూడ సలహా అడిగిన్రు. ఆ దర్శకుని తప్పేం లేదు, అడిగితే చెప్పిండు. అడిగిన పాలకుల సంగతి చెప్తున్న. తెలుగు సంస్కృతి అనగానే వాళ్లకు యాదికొచ్చేది సినిమా సెట్టింగే! పొలిమేరలో ఉన్న దూదేకుల నాజర్ యాదికి రాడు.

అదే అమరావతి స్తూపం మీద రెండు వేల ఏండ్ల కింద శిల్పులు వాద్యగాళ్లను, ఆటగత్తెలను రాయిలో చెక్కిన్రు. ఆ రాళ్లలో మస్తుగ మద్రాసు మ్యూజియంకు, లండన్ మ్యూజియంకు పోయినయి. రాయి లండన్ పోయింది, నాదస్వరం శ్రీరంగం పోయింది, వీరుల కథ ఆక్స్‌ఫర్డ్ పోయింది. రాజధాని మాత్రం కొత్తగ వస్తదట!

ఆంధ్రోళ్ల కోసం మనం ఏడ్వాల్నా?

పత్రిక చదివే తమ్ముళ్లు ఇక్కడ కోపానికి వస్తరు. 'మన యాసను సినిమాల్లో రౌడీలకు, పనోళ్లకు పెట్టి నవ్వినోళ్ల కోసం మనం ఏడ్వాల్నా?' అంటరు. నవ్వింది నిజం. మరిచిపొమ్మని నేను చెప్పను. కానీ నవ్వింది ఎవరు? మద్రాసులో, తర్వాత హైదరాబాద్‌లో స్టూడియోలు కట్టిన పెట్టుబడి నవ్వింది. ఆ పెట్టుబడి మన యాసను ఎక్కిరించక ముందే తన సొంత ఊరి విద్యావంతుణ్ని, దూదేకులోణ్ని, నాదస్వరం సాహెబును వాకిట్లోనే నిలబెట్టింది. ఇంట్లోణ్ని గుర్తు పట్టనోడు పక్కింటోణ్ని గౌరవిస్తడా?

ఇంకో అప్పు కూడ ఉన్నది మన మీద. 1947లో నిజాం రాజ్యంలో మన పల్లెలు దొరల మీద తిరగబడ్డప్పుడు, ఆ కథతో 'మా భూమి' నాటకం రాసింది సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. కోస్తా ఆంధ్రోళ్లు. ప్రజా నాట్యమండలి దళాలు దాన్ని అక్కడ ఊరూరు తిరిగి ఆడినయి. మద్రాసు సర్కారు నిషేధించింది. మన బాధ మన గడ్డ మీద చెప్తే జైలు అయిన కాలంలో, గుంటూరు, కృష్ణా పల్లెల్లో మన బాధను ఆడి చూపించిన్రు. సుద్దాల హనుమంతు పాట, బండి యాదగిరి పాట ఇటు దిక్కు. నాజర్ బుర్రకథ అటు దిక్కు. ఒకే ఉద్యమం కడుపున పుట్టిన అన్నదమ్ములు. మనం రాష్ట్రం విడగొట్టుకున్నది పాలన కోసం, నీళ్ల కోసం, కొలువుల కోసం. ఈ బంధుత్వం తెంపుకునేందుకు కాదు.

రెండు రాష్ట్రాల నడుమ ఒక వీధి

గుంటూరు, ప్రకాశం జిల్లాల బిడ్డలు అమెరికాలో లెక్కకు మించి ఉన్నరు. మన కరీంనగర్, నల్లగొండ బిడ్డలు కూడ. సెలవులొస్తే కారెక్కి అక్కడి పల్లె సంగీతం పుట్టిన ఊర్లు చూసి ఫొటోలు పంపుతరు. మంచిదే. ఆ ఊర్లల్లో బ్రిస్టల్ అనేది ఒకటి. దాని నడివీధిలోంచే రాష్ట్రాల సరిహద్దు పోతది. ఒక దిక్కు టెనెస్సీ, ఇంకో దిక్కు వర్జీనియా. 1927లో ఒక రికార్డు కంపెనీ అక్కడికి పోయి కొండ పల్లెల మనుషుల పాటలు రికార్డు చేసింది. కార్టర్ కుటుంబం, జిమ్మీ రోడ్జర్స్ అక్కడి నుంచే లోకానికి తెలిసిన్రు. ఇయ్యాల అక్కడ మ్యూజియం ఉన్నది. వర్జీనియాలో పల్లె పాట పుట్టిన ఊర్లన్నిటిని కలిపి 2004లో ఒక తొవ్వ వేసిన్రు. 'క్రూకెడ్ రోడ్' అంటరు, అంటే వంకర తొవ్వ. పత్తి ఏరిన పేద ఇంట్లో పెరిగిన జానీ క్యాష్ చిన్ననాటి ఇల్లును ఆర్కన్సాలో ఒక యూనివర్సిటీ బాగు చేయించి కాపాడుతున్నది. పత్తి చేను పిల్లగాని ఇల్లు, యూనివర్సిటీ చేతిల! మన దగ్గర ఏ యూనివర్సిటీ ఏ పాటగాని ఇంటి పెంకు సరిచేసింది?

అట్లని అమెరికోడు దేవుడేం కాదు. ఆ కార్టర్ పెద్దాయన పాటలు ఏరేందుకు ఊర్లు తిరిగినప్పుడు వెంట ఒక నల్లజాతి గిటారు వాద్యగాడు పోయిండు. లెస్లీ రిడిల్ ఆయన పేరు. కార్టర్ మాటలు రాసుకుంటే, రిడిల్ బాణీలు మనసులో పెట్టుకొని తెచ్చేటోడు. రికార్డుల మీద కార్టర్ పేరు పడ్డది, రిడిల్ పేరు ఏండ్ల తరబడి ఎవరికి తెల్వదు. అక్కడ రంగు చేసిన పని ఇక్కడ కులం చేసింది. మ్యూజియం కడితే సరిపోదు, బోర్డు మీద ఎవరి పేరు రాస్తరన్నదే అసలు కొట్లాట.

మన ఇంటి సంగతి

ఇగ మన గల్మకు వద్దాం. పాట మీద వచ్చిన రాష్ట్రం మనది. 1999లో భువనగిరి బిడ్డ బెల్లి లలితను ముక్కలు చేసి చంపినా ఆగని పాట మనది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరికి పాకింది. గద్దర్, గోరటి వెంకన్న, గూడ అంజయ్య, అందెశ్రీ పాటలు లేకుంటే సభకు జనం వచ్చేదా? ఆ పాటకు మనం ఏం చేసినం?

అందెశ్రీ పాట రాష్ట్ర గీతం అయ్యేందుకు పదేండ్లు పట్టింది. 2014లో రాష్ట్రం వస్తే, 2024లో గాని ఆ గౌరవం దక్కలే. 2025 నవంబర్‌లో ఆయన పోయిండు. సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులిచ్చిన్రు. కొలువు ఇచ్చుడు మంచిదే, వాళ్ల ఇండ్లల్ల పొయ్యి వెలిగింది. కానీ చేయమన్న పని ఏంది? పథకాల ప్రచారం. నిన్నటిదాకా దొరను అడిగిన పాట, ఇయ్యాల దొర గుణగణాలు పాడాలె. బుర్రకథలోంచి రాజకీయాన్ని దింపినట్టే, ధూంధాం లోంచి ప్రశ్నను దింపిన్రు. వాళ్లు చేసిందే మనోళ్లు చేసిన్రు.

2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య 2024లో హైదరాబాద్ శివారులో కూలి పనికి పోయిండని పేపర్లల్ల వచ్చింది. నెలనెల రావాల్సిన పైసలు ఆగినయని ఆయనే చెప్పుకున్నడు. పద్మశ్రీ ఉన్నాయనదే గీ గతి అయితే, పేరు లేని ఒగ్గు కళాకారునిది, చిందు కళాకారిణిది, శారదకథ చెప్పేటాయనది ఏం గతి? ఇది ఆంధ్ర పాలకుల కుట్ర అని ఇప్పుడు ఎవరి మీద నెట్టుదాం?

అడగాల్సింది ఇది

విభజన చట్టం పదో షెడ్యూల్లో తెలుగు యూనివర్సిటీ ఉన్నది. పదేండ్లు ఎవరి ఆస్తి అని కొట్లాడిన్రు. 2025లో దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్నం, సంతోషం. భవనం లెక్క, సిబ్బంది లెక్క, బ్యాంకు పైసల లెక్క అడిగిన్రు. జానపద కళాకారుల గొంతులున్న టేపుల లెక్క ఎవరన్న అడిగిన్రా? టేపుకు రెండు నకళ్లు తీస్తే కొట్లాటే లేదు. నీళ్లు పంచుకుంటే తగ్గుతయి, పాట పంచుకుంటే పెరుగుతది. ఆ గొంతులన్నిటిని నకలు తీసి రెండు రాష్ట్రాల్లో ఎవరైనా వినేటట్టు పెట్టాలె. ఇది మొదటి డిమాండ్.

రెండోది, కళాకారుల పింఛను దయ కాదు, హక్కు. సర్కారు మారితే ఆగొద్దు. పథకం పాట పాడకుంటే కోత పెట్టొద్దు. మూడోది, సుద్దాల నుంచి కారెంపూడి, చిలకలూరిపేట, కరవది, పొన్నెకల్లు దాకా ఒక పాటల తొవ్వ వేయాలె. తిరుపతి ప్యాకేజీ, బీచ్ ప్యాకేజీ ఉన్నయి, పాటల తొవ్వ అన్న మాట మాత్రం ఇన్నేండ్లల్ల నేను ఏ టూరిజం ప్రచారంలో వినలే. ప్రతి ఊర్లో బోర్డు పెట్టాలె. దాని మీద మంత్రి ఫొటో కాదు, పాడినోని పేరు, పక్కన గుమ్మెట కొట్టినోని పేరు, వాళ్లు ఏ వాడల బతికిన్రో రాయాలె.

నాలుగోది సర్కారును అడిగేది కాదు, విద్యార్థి తమ్ముళ్లను, చెల్లెండ్లను అడిగేది. తెలుగు జానపద గేయాల మీద మొదటి పరిశోధన చేసింది మన బిరుదురాజు రామరాజు, మన ఉస్మానియాలోనే, 1950ల్లో. ఇప్పుడు మీ అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నయి. ఒక్కొక్కరు ఒక్క ఊరికి పోండి. ఒక్క అవ్వ పాట, ఒక్క తాత కథ రికార్డు చేయండి. పేరు రాయండి, ఊరు రాయండి. ఆక్స్‌ఫర్డ్ నుంచి ఇంకొకడు వచ్చేదాకా ఆగకండి. ఉద్యోగులు సెలవుల్లో గోవా పోయే బదులు ఒక్కసారి ఈ తొవ్వల పోండి.

వాపసు వస్తుంటే పొద్దుగూకింది. చేన్ల నుంచి ట్రాక్టర్లల్ల మిరప ఏరేటోళ్లు ఇండ్లకు పోతున్నరు. ఒక ట్రాక్టర్ మీద ఆడోళ్లు పాడుతున్నరు. కూలి లెక్క అయిపోయింది గద, ఇప్పుడు పాడొచ్చు! ఆ పాట మన యాసలో లేదు. కానీ మాకు నలుగురికీ అర్థమైంది. ఆంధ్రోళ్లకు పాట లేదని ఇగ జన్మలో అనను. పాట లేనిది పాలకులకే. అటూ అంతే, ఇటూ అంతే.

రాష్ట్రం తెచ్చుకున్నం. పాటను కూడ తెచ్చుకుందాం. జై తెలంగాణ!